నాలుగేళ్ల పాపకి నెమలి టుటు: లైనింగ్‌తో మొదలుపెట్టండి, నెట్ తర్వాత

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. వచ్చే నెల పాపకి నాలుగేళ్లు నిండుతాయి, నెమలిలా ఉండే టుటు, అంటే విచ్చుకుని నిలబడే కుచ్చుల నెట్ లంగా, కావాలంది. మీరు వీడియో చూసి ఇలాస్టిక్‌కి బిరుసు నెట్ ముక్కలు ముడివేసి ఒకటి చేశారు. అరగంట తిరక్కుండానే గుచ్చుకుంటోందని ఏడ్చి విప్పేసింది, ముడులన్నీ జారి ఒక పక్కకి చేరిపోయాయి. మెషిన్ మీద నేరుగా కుట్టడం, చీరకి ఫాల్ వేయడం, దిండు గలీబులు కుట్టడం వచ్చు, ఈమాత్రం కుట్టుతో టుటు కుట్టగలనా అని అడిగారు.

కుట్టగలరు. దిండు గలీబు కుట్టిన చేతికి ఇందులో కొత్తగా పట్టుబడాల్సింది కుచ్చు లాగడం ఒక్కటే. నేను రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లుగా ఆడపిల్లల గౌన్లు, లంగాలు కుడుతున్నాను. పుట్టినరోజు టుటు ఎన్నిసార్లు పాడైనా కారణం ఒకటే: కుట్టేవాళ్ల కళ్లు నెట్ మీద ఉంటాయి, పాప ఒంటికి తగిలేదేమో నడుము పట్టీ, తొడల దగ్గరి అంచు. నేను కుట్టిన మొదటి టుటు కూడా అలాగే పాడైంది. నాలుగు పొరల నెట్టూ కలిపి ఒకే నడుము పట్టీలో దూర్చాను. పట్టీ తాడులా లావైపోయింది, మా అక్క కూతురు నడుం చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ముందు మెత్తటి లైనింగ్ లంగా కుట్టి, నెట్‌ని దాని మీద వరసలుగా వేస్తున్నాను. నెట్ ఒంటికి తగలదు, నడుము దగ్గర లావు ఉండదు, ముడులు జారే మాటే లేదు.

స్టేజీ మీద బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం చేసేవాళ్లు వేసుకునే పొట్టి టుటు కూడా ఇదే పద్ధతి. అక్కడ లోపల చెడ్డీలాంటి ఆధారం ఉంటుంది, దాని మీద కింది నుంచి పైకి ఒక్కో వరసే కుట్టుకుంటూ వస్తారు. కింది వరస పొట్టిగా, పై వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి కిందివి పైవాటిని ఎత్తి పట్టుకుంటాయి. మనం చెడ్డీ బదులు లంగా వాడతాం, అంతే.

ముందు కొలతలు. టేపు పట్టుకుని పాప నడుము మీరే కొలవండి, వయసు చూసి ఊహించవద్దు. నాలుగేళ్ల పిల్లలకి ఎక్కువగా 20 నుంచి 22 అంగుళాల మధ్య ఉంటుంది. ఇక్కడ 21 అనుకుని లెక్క చెప్తాను. నడుము నుంచి మోకాలి పైదాకా 11 అంగుళాలు అనుకుందాం. మోకాలు దాటితే పరుగెత్తేటప్పుడు కాళ్లకి అడ్డం పడుతుంది, బొత్తిగా పొట్టిదైతే కూర్చున్నప్పుడు లేచి ముఖానికి వస్తుంది.

లైనింగ్‌కి మ్యాచింగ్ సెంటర్‌లో టూ బై టూ రూబియా అడగండి, జాకెట్లకి తీసుకునేదే. అర మీటరు చాలు. శాటిన్ మెరుస్తుందని కొంతమంది అదే వేస్తారు. మన ఎండల్లో అది చెమటకి అంటుకుంటుంది, కుట్టేటప్పుడు చేతిలోంచి జారుతుంది. కొత్తగా కుట్టేవాళ్లకి రూబియానే మంచిది. తెచ్చిన రోజే నీళ్లలో తడిపి ఆరేసి ఇస్త్రీ చేయండి. ఇది మానేస్తే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి నెట్ బిరుసు అంచు కాళ్లకి తగలడం మొదలవుతుంది.

నెట్ రెండు రకాలు కావాలి. బిరుసుగా నిలబడేదాన్ని దుకాణాల్లో క్యాన్‌క్యాన్ అంటారు, లెహంగాల కింద వేసేది. మీరు ముడివేసింది అదే, అందుకే గుచ్చుకుంది. దాన్ని పారేయకండి, పనికొస్తుంది. రెండోది సాఫ్ట్ నెట్, ముఖానికి ఆనించుకున్నా గరుకు తెలియదు. నీలం ఒక అర మీటరు, ఆకుపచ్చ ముప్పావు మీటరు. మా దగ్గర తాడితోటలో తెచ్చుకుంటాం, విజయవాడవాళ్లు వస్త్రలతకి వెళ్తారు, సికింద్రాబాద్ వాళ్లకి జనరల్ బజార్ ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు టూల్ (tulle) అని అడిగితే ఇస్తారు. అక్కడ గజాల్లో కొలుస్తారు కాబట్టి మీటరు కంటే మూడు అంగుళాలు తక్కువ వస్తుందని గుర్తుంచుకోండి. ఎక్కడ కొన్నా పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతో చూసుకోవాలి. సాఫ్ట్ నెట్ 58 అంగుళాల పన్నా అనుకుని నేను లెక్క చెప్తున్నాను. 44 పన్నా దొరికితే ఒక్కో వరసకి రెండు పట్టీల బదులు మూడు కత్తిరించండి, ఆ మేరకి గుడ్డ ఎక్కువ తీసుకోండి.

రంగు దగ్గర చాలామంది మోసపోతారు. తానులో పది పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి ముదురుగా కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి ఒక్క పొర తీసి చూస్తే వెలిసిపోయినట్టు ఉంటుంది. అందుకని దుకాణంలోనే ఒక్క పొర లాగి, గుమ్మం దగ్గర వెలుతురులో అరచేతి మీద పరిచి చూడండి. అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురు కొనండి. నెమలికంఠం రంగు నెట్ ఎక్కడా దొరకలేదని రాశారు కదా, ఆ పేరుతో వెతకవద్దు. ముదురు నీలం మీద చిలకాకుపచ్చ పొర వేస్తే మధ్యలో ఆ రంగు దానంతట అదే వస్తుంది. పాప గిరగిరా తిరిగినప్పుడు పొరలు విడిపోయి ఒకసారి నీలం, ఒకసారి పచ్చ కనిపిస్తాయి. పట్టు చీరలో నిలువు ఒక రంగు, అడ్డం ఒక రంగు పెడితే వచ్చే మెరుపు లాంటిదే ఇది.

ఇంక కత్తిరించడం. రూబియాని 33 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న ఒకే ముక్కగా తీసుకోండి. కింద ముప్పావు అంగుళం మడతకి, పైన ఒకటిన్నర అంగుళం ఇలాస్టిక్ పట్టీకి పోతే పది అంగుళాల పైచిలుకు లంగా మిగులుతుంది. కింది మడత ముందే కుట్టేయండి. పై మడతని ఇస్త్రీతో గీత పడేలా నొక్కి వదిలేయండి, ఇప్పుడే కుట్టొద్దు. ఆ గీత నుంచి కిందికి ఒక అంగుళం దగ్గర ఒకటి, రెండున్నర దగ్గర ఒకటి, నాలుగు దగ్గర ఒకటి, మూడు అడ్డగీతలు సుద్దతో గీయండి. నెట్ వరసలు వాటి మీదే కూర్చుంటాయి. లంగా పక్క కుట్టు వేయకుండా గుడ్డ పరిచి ఉండగానే నెట్ కుట్టాలి. గొట్టంలా మూసేశాక నెట్ కుట్టబోతే మెషిన్ కింద అంతా ఉండ చుట్టుకుంటుంది, అనుభవం ఉన్నవాళ్లకే విసుగొస్తుంది.

నాలుగు అంగుళాల గీత మీద బిరుసు నెట్ వస్తుంది. ఆరు అంగుళాల వెడల్పు, ఇరవై నాలుగు అంగుళాల పొడవు ముక్కలు ముడివేశానన్నారు. అవి సరిగ్గా సరిపోతాయి. ముడులు విప్పి, పలచటి నూలు గుడ్డ కప్పి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టండి. పెట్టె వేడెక్కువైతే నెట్ కరిగి దానికి అంటుకుంటుంది, ముందు ఒక తుంపు మీద చూసుకోండి. లంగాని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఎనిమిది అంగుళాలు. ఒక్కో భాగానికి ఒక ముక్క, అంటే ఇరవై నాలుగుని కుచ్చు లాగి ఎనిమిదికి తేవాలి. ఇంకా విచ్చుకోవాలనుంటే ముక్కలు జంటగా పెట్టండి, అంతకు మించొద్దు. ఈ వరస లైనింగ్ అంచుకి ఒక అంగుళం పైనే ఆగిపోతుంది. కత్తిరించిన బిరుసు నెట్ అంచు చిన్న బ్రష్షులా గీరుతుంది కాబట్టి అది కాలికి తగలకూడదు. అందుకే ఈ ఒక్క అంగుళం తేడా గట్టిగా చెప్తున్నాను.

రెండున్నర గీత మీద నీలం సాఫ్ట్ నెట్, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు రెండు. ఒక అంగుళం గీత మీద ఆకుపచ్చ, పదిన్నర అంగుళాలవి రెండు. పైన అర అంగుళం కుట్టులోకి పోతుంది. నెట్‌కి పోగులు రావు, కింద మడత పెట్టే పని లేదు. పొడవాటి కత్తెరతో ఒకే సారి సాగేలా కోయండి, టుకటుకమని కోస్తే అంచు పళ్లు పళ్లుగా వస్తుంది.

కుచ్చు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, కొత్తవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. మెషిన్‌లో కుట్టు పొడవు చివరిదాకా పెంచండి, పై దారం బిగువు కాస్త తగ్గించండి. బాబిన్‌లో గట్టి పాలిస్టర్ దారం వేయండి. పట్టీ పై అంచుకి పావు అంగుళం దూరంలో ఒక కుట్టు, దానికి ఇంకో పావు అంగుళం కింద ఇంకో కుట్టు. రెండు చివరలా దారం జానెడు వదలాలి, వెనక్కి కుట్టి ముడి పడనివ్వకూడదు. తర్వాత రెండు కింది దారాలూ కలిపి పట్టుకుని నెట్‌ని మెల్లగా వెనక్కి నెట్టుకుంటూ పోండి. దారాన్ని లాగితే తెగుతుంది, నెట్‌ని నెట్టాలి. ఒకే కుట్టుతోనూ కుచ్చు వస్తుంది, కానీ మెలితిరుగుతుంది. రెండుంటే అచ్చు కూర్చున్నట్టు సమంగా ఉంటుంది. వరసకి రెండు పట్టీలూ కలిపి వచ్చే నూట పదహారు అంగుళాలకీ ఒకే దారం వేయకండి. మధ్యలో తెగితే పనంతా మొదటికి వస్తుంది. ప్రతి 29 అంగుళాలకి కుట్టు ఆపి మళ్లీ మొదలుపెట్టండి, లంగా నాలుగు భాగాలకీ లెక్క సరిపోతుంది.

నెట్‌కి గుండుసూదులు గుచ్చితే కన్నాల్లోంచి జారిపోతాయి, ఎక్కడ పడ్డాయో తెలియదు, పాప బట్టలో ఒకటి ఉండిపోతే ఎంత ప్రమాదం! పాప జడకి పెట్టే టిక్‌టిక్ క్లిప్పులు వాడండి. వరస మధ్యలో క్లిప్పు అందదు కాబట్టి అక్కడ చేత్తో నాలుగు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. పట్టీని గీత మీద పరిచి, కుట్టు భాగం పైకి, మిగతాది కిందికి వేలాడేలా పెట్టుకుని, రెండు కుచ్చు కుట్ల మధ్యలోంచి మామూలు పొడవు కుట్టు వేసుకుంటూ రండి. ముందు కింది గీత, ఆ తర్వాత మధ్యది, చివరికి పైది. లంగా రెండు చివరలా అర అంగుళం నెట్ లేకుండా వదిలేయండి, పక్క కుట్టుకి అది కావాలి.

మెషిన్ పాదం రెండు వేళ్ల మధ్య నెట్ ఇరుక్కుంటుంది. పాదం కొన చుట్టూ సన్నటి సెల్లో టేపు చుడితే ఇరుక్కోదు, సూది దిగే చోట మాత్రం ఖాళీ వదలండి. కింది పళ్లు నెట్‌ని లాగేస్తుంటే అడుగున పాత న్యూస్‌పేపర్ పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చించేయండి. సిరా అంటుతుందని భయముంటే తెల్లకాగితం వాడండి. సూది కొత్తది, దొరికితే 11 నంబరు. మొండి సూది నెట్ కన్నాలని పెద్దవి చేస్తుంది.

మూడు వరసలూ అయ్యాక నెట్‌ని పక్కకి తీసి క్లిప్పులు పెట్టి, లైనింగ్ రెండు అంచులు మాత్రమే కలిపి కుట్టండి. నెట్ అంచులు కలపనక్కరలేదు, కుచ్చుల్లో ఎక్కడ విడిందో ఎవరికీ కనిపించదు. పై మడతలో పావు అంగుళం లోపలికి మడిచి, ఒకటింపావు అంగుళం పట్టీ వచ్చేలా చుట్టూ కుట్టి, రెండు అంగుళాలు తెరిచి ఉంచండి. అంగుళం వెడల్పు ఇలాస్టిక్ వాడండి, సన్నటిది నడుములో కోసుకుంటుంది. పాప నడుము 21 అయితే 20 అంగుళాల ఇలాస్టిక్ బిగువుకి, పైన రెండు అంగుళాలు అదనం, మొత్తం 22 కోయండి. పిన్నీసుకి తగిలించి పట్టీలో తిప్పండి. చివరలు ఒకదాని మీద ఒకటి రెండు అంగుళాలు ఎక్కించి, అందులో అర అంగుళం మేర మాత్రం కుట్టి, ఆ అదనం కోయకుండా లోపలే వదిలేయండి.

అప్పుడే పట్టీ మూసేయకండి. పాపకి తొడిగి, అన్నం తినిపించి, నేల మీద బాసింపట్టు వేసి పది నిమిషాలు కూర్చోబెట్టండి. తర్వాత ఒప్పులకుప్ప తిప్పించండి. విప్పి నడుము చూడండి. ఎర్ర గీత పడితే అర అంగుళం వదలండి, జారితే అర అంగుళం బిగించండి. నేను ఎంత పెద్ద ఆర్డరైనా ఈ పరీక్ష చేయకుండా ఇవ్వను.

ఇక పాప అడిగిన నెమలి. ఈ భాగం పాపని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఏ కన్ను ఎక్కడ ఉండాలో తననే పెట్టనివ్వండి. మీ పట్టు జాకెట్లు కుట్టించినప్పుడు మిగిలిన ముక్కలు ఇంట్లో ఏ డబ్బాలోనో ఉంటాయి కదా, ముదురు నీలం, బంగారు జరీ, మెరూన్, ఏవైనా సరే. ఫెల్టు గుడ్డ మీద తమలపాకు ఆకారం కోసి, దాని మీద జరీ ముక్క, దాని మీద నీలం చుక్క పెట్టి చుట్టూ కాజా కుట్టు వేస్తే నెమలి కన్ను అవుతుంది. ఏడెనిమిది చాలు. వీటిని పై పొర మీద కుట్టకండి. నీలం పొర మీద, ఆకుపచ్చ పొర కింద ఉండేలా కుట్టండి. నిలబడినప్పుడు పచ్చ నెట్ చాటున మసకగా కనిపిస్తాయి, తిరిగితే ఒక్కసారి బయటపడతాయి. పిల్లలు దానికోసమే పది సార్లు తిరుగుతారు.

వెనకవైపు పురిలా ఉండాలంటే మూడు అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవు సాఫ్ట్ నెట్ పట్టీలు ఏడు తీసుకుని, కొనలు ఆకులా కోసి, పై గీత మీద వెనక భాగంలోనే కుట్టండి. కొనకొక్క గుడ్డ కన్ను. పూసలు, కుందన్లు, అద్దాలు వెనక వద్దు. పాప వాటి మీదే కూర్చుంటుంది. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే ముందు కూడా వద్దు, ఊడింది నోట్లోకే వెళ్తుంది. వేడి జిగురు గన్ కూడా వాడకండి, నెట్ కరిగి కన్నం పడుతుంది. పై కుచ్చు అంచు బయటికి కనిపిస్తుంది కదా, దాని మీద అంగుళం శాటిన్ రిబ్బన్ పెట్టి చేత్తో వదులుగా కుట్టండి. బిగించి కుడితే ఇలాస్టిక్ సాగినప్పుడు లంగా పైకి ఎక్కదు. పక్కన చిన్న జేబు కుట్టి నెట్‌లో దాచారంటే పాప చాక్లెట్లు దాచుకుంటుంది. మా దగ్గరికి వచ్చే పిల్లలకి టుటు కంటే ఆ జేబే ఎక్కువ ఇష్టం.

ఒక విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. నెట్‌కి మంట చాలా త్వరగా అంటుకుంటుంది. నైలాన్, పాలిస్టర్ కాలితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. నెట్ విచ్చుకుని ఉంటుంది కాబట్టి పాప దూరంగానే నిలబడ్డాననుకుంటుంది, లంగా అంచు మాత్రం కొవ్వొత్తి దాకా వెళ్లిపోతుంది. బ్యాలే చరిత్రలో ఇది ఎంతో బాధాకరమైన సంగతి. 1832లో పారిస్ ఒపెరాలో మేరీ తాగ్లియోని అనే నర్తకి గంట ఆకారపు పలచటి తెల్ల గౌనులో నర్తించాక అలాంటి గౌన్లే బ్యాలేకి గుర్తు అయిపోయాయి. స్టేజీ మీద అప్పుడు గ్యాస్ దీపాలు ఉండేవి. ఆమె శిష్యురాలు ఎమ్మా లివ్రీకి 1862 నవంబరులో అదే ఒపెరాలో రిహార్సల్ జరుగుతుండగా గౌను దీపానికి తగిలి అంటుకుంది. మంట త్వరగా అంటుకోకుండా మందులో ముంచిన గౌన్లు అప్పటికే ఉన్నాయి. గుడ్డ బిరుసెక్కి మాసినట్టు కనిపిస్తుందని ఆమె వాటిని వద్దంది. ఇరవై ఏళ్ల పిల్ల, నెలల తరబడి నరకం అనుభవించి 1863 జూలైలో చనిపోయింది. కాలగా మిగిలిన ఆ గౌను పేలికల్ని ఇప్పటికీ పారిస్ ఒపెరా వాళ్లు భద్రపరిచారు.

అందుకని కేకు బల్ల పాప నడుముకంటే ఎత్తుగా ఉండేలా చూసుకోండి, కొవ్వొత్తి వెలిగించాక ఆర్పేదాకా మీరు వెనకే నిలబడి నెట్‌ని రెండు చేతులతో వెనక్కి పట్టుకోండి. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తి అసలు వద్దు. పూజ గదిలోకి, దీపారాధన దగ్గరికి ఈ లంగాతో పంపొద్దు. దీపావళికి కూడా ఇదే వేస్తానని పేచీ పెడితే పగలు వేయండి, టపాకాయల వేళకి విప్పేసి ఒంటికి అతుక్కుని ఉండే నూలు బట్టలు వేయండి.

మెరుపు పొడి అద్దిన నెట్ కూడా కొనొద్దంటాను. అది రాలి చేతులకి, చేతుల్లోంచి కళ్లలోకి పోతుంది.

ఉతకడానికి బకెట్‌లో చల్లటి నీళ్లు, కాస్త షాంపూ చాలు. పిండకండి. నడుము పట్టీ కిందికి, నెట్ అంచులు పైకి ఉండేలా తలకిందులుగా క్లిప్పులతో వేలాడదీయండి, తడి బరువుకి అణిగిపోకుండా ఉంటుంది. పుట్టినరోజు ముందు రాత్రి కూడా అలాగే వేలాడదీస్తే పొద్దున్నకి విచ్చుకుని ఉంటుంది. ఇస్త్రీ పని ఉండదు.

మొదటి సాయంత్రం లైనింగ్, కుచ్చులు, రెండో సాయంత్రం వరసలు కలపడం, ఇలాస్టిక్. నెమలి కన్నులకి ఒక ఆదివారం పెట్టుకోండి. వచ్చే ఏడాది పాప ఎదిగాక పట్టీ విప్పితే లోపల వదిలిన రెండు అంగుళాల ఇలాస్టిక్ ఉంటుంది, కావాల్సినంత వదిలి మళ్లీ కుట్టండి. పొడవు చాలకపోతే లైనింగ్ కింద మూడు అంగుళాల రూబియా అంచు వేసి, అంచు అతికిన కుట్టు మీదే ఇంకో సాఫ్ట్ నెట్ వరస కుట్టేయండి. ఆ రంగు మాత్రం అప్పటికి పాప ఏది అడిగితే అది.